మూడు నెలల ముందు వచ్చిన ఎక్కిళ్లు: ఒక వెన్నుపాము వాపు కేసు

స్ట్రెచర్ మీద మా దగ్గరికి వచ్చేసరికే ఆమె ఫైల్లో రెండు జబ్బుల పేర్లు ఉన్నాయి. ఒకచోట నడుము ఎమ్మారై తీసి డిస్క్ జారిందన్నారు. ఇంకోచోట కాళ్లు పడిపోయాయి, మోకాలి దగ్గర తట్టినా రిఫ్లెక్స్ రావడం లేదు కాబట్టి గియాన్ బారే (కాళ్లూ చేతుల నరాలు దెబ్బతినే జబ్బు) అన్నారు. అయిదు రోజుల ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లకు ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పి పంపారు. ఆ డబ్బు కోసం ఇంట్లో వాళ్లు అప్పటికే తిరుగుతున్నారు.

వయసు 36. గుంటూరు చుట్టుపక్కల మిర్చి సీజన్‌లో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఇద్దరు పిల్లలు. బీపీ, షుగర్ లేవు. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. జబ్బు నడిచిన తీరు మాత్రం మార్చలేదు.

నాలుగు రోజుల కథ ఇది. మొదటి రోజు అరికాళ్లలో తిమ్మిరి. రెండో రోజుకి అది మోకాళ్లు దాటింది, మూడో రోజుకి పొట్ట మీదికి ఎక్కింది. రొమ్ముల కింద ఎవరో తాడు వేసి బిగించినట్టుందని చెప్పింది. ఆ రోజు సాయంత్రం బాత్రూంకి వెళ్తే కాళ్లు నిలవలేదు. నాలుగో రోజు పొద్దున్నుంచి మూత్రం రాలేదు, వస్తున్నట్టు కూడా తెలియలేదు. ట్యూబు వేస్తే 900 మి.లీ. వచ్చింది.

కాళ్లలో బలం అయిదుకి కుడివైపు ఒకటి, ఎడమవైపు రెండు. రెండు చేతుల పట్టు కొంచెం తగ్గింది. ముఖం, మింగడం, ఊపిరి బాగానే ఉన్నాయి. రిఫ్లెక్సులు నిజంగానే లేవు. కానీ ట్యూనింగ్ ఫోర్క్‌ని చల్లటి నీళ్లలో ముంచి పాదం నుంచి పైకి తాకిస్తూ వస్తే, చనుమొనల ఎత్తు వరకూ చల్లదనం తెలియలేదు. ఆ గీత దాటగానే "ఇప్పుడు చల్లగుందండి" అంది. వెనకవైపు వీపు మీద కూడా దాదాపు అదే ఎత్తు. అరికాలు గీస్తే కుడి బొటనవేలు పైకి లేచింది.

ఒంటి మీద అలా గీత గీసినట్టు స్పర్శ ఆగిపోతే చూడాల్సింది వెన్నుపాముని, నరాలను కాదు. గియాన్ బారేలో తిమ్మిరి చేతులకీ కాళ్లకీ మేజోళ్లు, గ్లవ్స్ తొడిగిన మేరకు ఉంటుంది తప్ప ఛాతీ మీద గీత ఉండదు. మూత్రం మొదటి వారంలోనే పూర్తిగా ఆగిపోవడమూ అరుదు. మరి రిఫ్లెక్సులు ఎందుకు లేవు? వెన్నుపాము హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు మొదటి కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు, కింది భాగమంతా షాక్‌లో ఉంటుంది. కాళ్లు బిగుసుకోవడం, రిఫ్లెక్సులు ఎక్కువవడం తరవాత మొదలవుతాయి. వెన్నుపాము జబ్బంటే కాళ్లు బిగుసుకునే ఉండాలని మెడికల్ కాలేజీలో నేర్చుకుంటాం. ఎమర్జెన్సీలోకి వచ్చే పేషెంటు ఆ దశకి ఇంకా చేరి ఉండదు.

నడుము ఎమ్మారై సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన దగ్గర వారం వారం చూసే వ్యవహారం. కాళ్లు పనిచేయకపోతే నడుము స్కాన్ రాస్తారు. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి నడుము పూస దగ్గరే అయిపోతుంది, దాని కింద ఉండేవి నరాల పోగులే. కాబట్టి ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ కాస్త ఉబ్బి కనిపించినా (ముప్పై అయిదు దాటి, వంగి పనిచేసే వాళ్లలో కనిపించకపోతేనే ఆశ్చర్యం), ఛాతీ దాకా స్పర్శ పోవడానికి అది కారణం కాలేదు. అడగాల్సింది మెడ నుంచి కింద దాకా మొత్తం వెన్ను స్కాన్.

ఆ స్కాన్ అదే రాత్రి చేయించాం. అంత తొందర ఎందుకంటే, వెన్నుపాములో వాపు అని అనుకునే ముందు బయట నుంచి ఏదీ నొక్కడం లేదని చూసుకోవాలి. నొక్కుడు ఉంటే అది సర్జన్ పని, గంటలు లెక్క. మన ప్రాంతంలో ముందుగా గుర్తుకు రావాల్సింది వెన్నుపూసల టీబీ. ఈమె విషయంలో ఇంకో అనుమానం కూడా ఉంది. పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో వచ్చిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల గురించే. అలాంటి ఊళ్లలో వయసు పైబడిన వాళ్లలో ఎముకలు, లిగమెంట్లు మందమై వెన్నుపాముని నొక్కేయడం ఇప్పటికీ చూస్తుంటాం. కాకపోతే దానికి ఏళ్లు పడుతుంది, నాలుగు రోజుల్లో రాదు.

స్కాన్‌లో టీబీ లేదు, నొక్కుడు లేదు. మెడ ఏడో పూస నుంచి ఛాతీ ఆరో పూస దాకా, ఏడు పూసల పొడవునా వెన్నుపాము ఉబ్బి, మధ్యభాగం తెల్లగా మెరుస్తోంది. కాంట్రాస్ట్ ఇస్తే అక్కడక్కడా మచ్చలుగా పట్టుకుంది. రిపోర్టులో చివరి వాక్యం: ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌కి అనుకూలం. అంటే వెన్నుపాములో వాపు.

చాలా డిశ్చార్జ్ షీట్లలో కథ ఇక్కడే ముగుస్తుంది. మైలైటిస్ అని రాసి, అయిదు స్టెరాయిడ్ బాటిళ్లు ఎక్కించి, ఫిజియోథెరపీ చెప్పి ఇంటికి పంపుతారు. వాపు ఎక్కడుందో తెలిసింది, ఎందుకొచ్చిందో తెలియలేదు. కొందరిలో అది వైరస్ జ్వరం తరవాత ఒక్కసారి వచ్చి పోతుంది, ఆ తరవాత మందే అక్కర్లేదు. ఇంకొందరిలో ఇది మొదటి దాడి మాత్రమే. ఈ ఇద్దరికీ ఒకటే చీటీ రాయడం కుదరదు.

వాపు ఏడు పూసల పొడవుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, మెదడులో వెన్నుపాములో మచ్చలు పడే జబ్బు) అయితే మచ్చ సాధారణంగా ఒకటి రెండు పూసల మేరే, వెన్నుపాము అంచున, ఒక పక్కకి ఉంటుంది. మూడు పూసలు లేదా అంతకు మించి, మధ్యలో, అడ్డంగా సగానికి పైగా ఆక్రమిస్తే న్యూరోమైలైటిస్ ఆప్టికా (ముఖ్యంగా కంటి నరాలనీ వెన్నుపామునీ పట్టే జబ్బు) గురించి ఆలోచించాలి. అందుకే స్కాన్ చేతిలో పట్టుకుని వెళ్లి మళ్లీ మొదటి నుంచీ అడగడం మొదలుపెట్టాను. ఎప్పుడైనా ఒక కంటి చూపు మసకబారిందా, కన్ను తిప్పితే నొప్పి వచ్చిందా? లేదు. ఆగకుండా వాంతులు, ఎక్కిళ్లు ఎప్పుడైనా వచ్చాయా?

ఆమె ఆలోచిస్తుండగా అత్తగారు అందుకుంది. "సంక్రాంతికి ముందు వచ్చాయి కదండీ, పన్నెండు రోజులు ఆగలేదు. ఏం దొంగిలించి తిన్నావే అని ఆటపట్టించాం కూడా. తరవాత తాగిన నీళ్లు కూడా వాంతయిపోయేవి." ఎండోస్కోపీ చేస్తే ఏమీ లేదన్నారు, గ్యాస్ మాత్రలు ఇచ్చారు, కొన్నాళ్లకు వాటంతటవే తగ్గాయి. కడుపు జబ్బుకీ కాళ్లకీ సంబంధం ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికి తడుతుంది? ఫైల్లోనూ ఎక్కడా రాసి లేదు.

ఇంకో సంగతి ఆమే చెప్పింది. కాళ్లు తిమ్మిరెక్కడానికి వారం ముందు నుంచి మెడ కింద, రెండు భుజాల మధ్య విపరీతమైన దురద. మిర్చి ఘాటు పడలేదనుకుని కొబ్బరినూనె రాసుకుంది. వీపు చూస్తే గీరిన గీతలే తప్ప దద్దుర్లు లేవు. ఘాటు వల్ల వచ్చే దురద చేతులకీ ముఖానికీ ముందు వస్తుంది, రవిక కింద కాదు. ఈ జబ్బులో వెన్నుపాము వాపుకి ముందో వెంటో ఇలాంటి దురద రావడం బాగా తెలిసిన విషయమే.

ఎక్కిళ్లు ఎందుకొస్తాయో చెబితే జబ్బు మొత్తం అర్థమవుతుంది. మెదడులో, వెన్నుపాములో ఆస్ట్రోసైట్లు అనే కణాలు ఉంటాయి. వాటి పాదాలు చిన్న రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఆ పాదాల మీద ఆక్వాపోరిన్-4 అనే ప్రొటీన్ ఉంటుంది, చెరువు తూము లాగా నీటిని అటూ ఇటూ వదిలే దారి అది. (ఆక్వాపోరిన్లు కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.) కొందరి శరీరం ఈ ప్రొటీన్‌నే శత్రువనుకుని యాంటీబాడీ తయారు చేస్తుంది. అది వెళ్లి అతుక్కోగానే రోగనిరోధక శక్తిలో భాగమైన కాంప్లిమెంట్ వ్యవస్థ రగిలి, ముందు ఆస్ట్రోసైట్లు చచ్చిపోతాయి, తరవాత తెల్ల రక్తకణాలు వచ్చిపడి నరాల మీది మైలిన్ పొర కూడా పోతుంది. కంటి నరాల్లో, వెన్నుపాము మధ్యలో ఈ ప్రొటీన్ ఎక్కువ. మెదడు కింది భాగంలో వాంతులని నియంత్రించే ఏరియా పోస్ట్రీమా అనే చిన్న చోటు ఉంది. రక్తంలో విషం చేరితే పసిగట్టడం దాని పని కాబట్టి, మెదడులో మిగతాచోట్ల ఉండే గట్టి కాపలా అక్కడ ఉండదు. యాంటీబాడీకి అది తెరిచిన తలుపు. అందుకే కొందరిలో జబ్బు ఎక్కిళ్లు, వాంతులతో మొదలవుతుంది. ఈమె మెదడు ఎమ్మారైలో సరిగ్గా అక్కడే, మెడుల్లా వెనక భాగంలో, సన్నటి మచ్చ కనిపించింది.

1894లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో యూజీన్ డెవిక్ ఈ జబ్బుని వర్ణించాడు. ఆ తరవాత వంద ఏళ్లకు పైగా ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒక రకమేనా కాదా అన్న వాదన నడిచింది. 2004లో మేయో క్లినిక్‌లో వాండా లెనన్ బృందం ఈ యాంటీబాడీని పట్టుకోవడంతో ఆ వాదన తేలిపోయింది. తేడా పేరులో మాత్రమే ఉంటే ఫరవాలేదు. ఎమ్మెస్‌కి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటి మందులు ఈ జబ్బుకి ఇస్తే దాడులు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

అనుమానం బలంగా ఉన్నా మిగతావి వదిలేయలేదు. నాలుగు గంటల్లోపే కాళ్లు పూర్తిగా పడిపోయి ఉంటే వెన్నుపాముకి రక్తం ఆగిందేమోనని చూసేవాళ్లం. నెలల తరబడి మెల్లగా పెరుగుతూ, అదీ యాభై దాటిన మగవాళ్లలో అయితే, డ్యూరల్ ఫిస్ట్యులా అనే రక్తనాళాల లోపాన్ని వెతకాలి. దాన్ని వాపనుకుని స్టెరాయిడ్ ఇస్తే కాళ్లు ఇంకా బలహీనమవుతాయి. ఒంటి మీద సర్పి పొక్కులు లేవు. బి12, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షల్లో తేడా ఏమీ రాలేదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, సార్కాయిడ్ అనే జబ్బు వైపు పోయే ఆధారం లేదు. లూపస్, షోగ్రెన్ లాంటి జబ్బుల్లో కనిపించే ఏఎన్ఏ యాంటీబాడీ పాజిటివ్, దానితో పాటు యాంటీ-రో కూడా. కీళ్లనొప్పులు, నోరు ఎండిపోవడం లాంటివి మాత్రం లేవు. ఆక్వాపోరిన్ జబ్బున్న వాళ్లలో ఈ యాంటీబాడీలు తోడుగా కనిపించడం మామూలే. మాగ్ (MOG) యాంటీబాడీ జబ్బు కూడా పొడవైన వాపే ఇస్తుంది, కానీ పిల్లల్లో ఎక్కువ, వెన్నుపాము కింది చివరని ఎక్కువగా పడుతుంది, చాలామంది బాగా కోలుకుంటారు. దాని పరీక్ష కూడా పంపాం.

కుక్క కరిచిందా, ఏదైనా టీకా వేయించుకున్నారా అని కూడా అడిగాం. ఇది కొంత పాత అలవాటు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే రేబిస్ టీకా గొర్రె మెదడుతో తయారయ్యేది. అందులోని మెదడు పదార్థం మీద మొదలైన రోగనిరోధక దాడి కొందరిలో సొంత వెన్నుపాము మీదికి తిరిగేది. మన దేశంలో 2004 చివర్లో దాని తయారీ ఆపేశారు. ఇప్పటి టీకాలకు ఆ బెడద లేదు. కుక్క కరిస్తే టీకా మానకూడదని ఈ సందర్భంలో గట్టిగానే చెప్పాలి.

నడుము దగ్గర తీసిన వెన్నునీటిలో 48 కణాలు, వాటిలో మూడో వంతు న్యూట్రోఫిల్స్. ప్రొటీన్ 78, గ్లూకోజ్ మామూలు. టీబీ కోసం చేసే సీబీనాట్ పరీక్ష నెగటివ్. ఎమ్మెస్‌లో సాధారణంగా దొరికే ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ లేవు. యాంటీబాడీ కోసం రక్తం తీసింది మాత్రం చికిత్స మొదలుపెట్టక ముందే. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం, యాంటీబాడీలు ఉండేది అందులోనే) మార్చాక తీస్తే ఉన్న యాంటీబాడీ కూడా కనిపించకపోవచ్చు. సెల్ బేస్డ్ పద్ధతిలోనే చేయమని చీటీలో రాయాలి, పాత ఎలైజా పద్ధతిలో కొన్ని తప్పిపోతాయి, కొన్ని తప్పుగా పాజిటివ్ వస్తాయి.

రిపోర్టుకి రోజులు పడుతుంది. దాని కోసం ఆగలేదు. స్కాన్ చూసిన రాత్రే మిథైల్ ప్రెడ్నిసొలోన్ 1 గ్రాము, అలా అయిదు రోజులు. పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి కాబట్టి పేగుల్లో స్ట్రాంజిలాయిడ్స్ పురుగు ఉంటే స్టెరాయిడ్‌తో చెలరేగుతుందని ముందే ఐవర్‌మెక్టిన్ ఇచ్చాం. షుగర్ మూడో రోజు 280కి వెళ్లింది, ఇన్సులిన్‌తో సర్దుకుంది.

అయిదు బాటిళ్లయ్యాక కాళ్లలో మార్పు శూన్యం. అసలు నిర్ణయం అప్పుడు తీసుకోవాలి. ఇంకో వారం చూద్దాం అనడం సులువు, ఖర్చు లేని మాట కూడా. కానీ ఈ జబ్బులో పోయిన ఆస్ట్రోసైట్లు, నరాల తీగలు తిరిగి రావు. ప్లాస్మా మార్పిడి ఎంత తొందరగా మొదలుపెడితే పూర్తిగా కోలుకునే అవకాశం అంత ఎక్కువ. నా వరకు, కాళ్లు పూర్తిగా పడిపోయి వచ్చిన పొడవైన మైలైటిస్ కేసుల్లో స్టెరాయిడ్ అయిపోయే దాకా కూడా ఆగక్కర్లేదు, గదీ మిషనూ దొరికితే మూడో రోజే మొదలుపెట్టవచ్చు. ఇక్కడ మిషన్ ఖాళీ అయిన ఆరో రోజు మొదలై, రోజు విడిచి రోజు అయిదుసార్లు చేశాం. మూడోసారి అయ్యాక ఎడమ బొటనవేలు కదిలింది. అయిదోసారికి ఎడమకాలు మంచం మీద నుంచి లేపగలిగింది.

ఈలోపు వాళ్ల బంధువుల్లో ఒకాయన భర్తని పక్కకి తీసుకెళ్లి పక్షవాతానికి పసరు మందు ఇచ్చే ఊరి అడ్రసు చెప్పాడు. భర్త దాచకుండా నన్నే అడిగాడు. "తీసుకెళ్లమంటారా డాక్టరు గారూ? తరవాత అయ్యో అనుకోకూడదు కదా." కోప్పడితే చెప్పకుండా తీసుకెళ్తారు. ప్లాస్మా పూర్తయ్యే దాకా మెడలో ట్యూబు ఉంటుంది, ఆ ట్యూబుతో ఊరు దాటితే రక్తంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అది అయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం అన్నాను. వేలు కదిలాక ఆ మాట మళ్లీ రాలేదు.

వార్డులో జరిగిన పనికి రిపోర్టులుండవు కానీ సగం చికిత్స అదే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం ఆడపడుచు నేర్చుకుంది. పిరుదుల దగ్గర పుండు పడితే అది మానడానికి పట్టే నెలలు నడక నేర్చుకునే నెలల్లోంచే పోతాయి. కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా హెపారిన్. మలబద్ధకానికి రోజూ ఒకే వేళకి మందు. మూత్రం ట్యూబు మూడో వారంలో తీసేసి, రోజుకి నాలుగైదుసార్లు తనే చిన్న ట్యూబు పెట్టుకుని ఖాళీ చేసుకోవడం నేర్పాం. మొదట ఏడ్చింది. అద్దం ఇచ్చి, సిస్టర్ పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పితే వారంలో వచ్చేసింది. ట్యూబు శాశ్వతంగా ఉంచేసి పంపడం హాస్పిటల్‌కి తేలిక, పేషెంటుకి కాదు.

నాలుగో వారంలో రాత్రిపూట ఫోను. కుడిచెయ్యి, కుడికాలు వంకర్లు పోతున్నాయి, ఫిట్స్ అంటున్నారని. వెళ్లి చూస్తే అరనిమిషం పాటు కండరాలు బిగుసుకుపోయి, భరించలేని నొప్పి, మళ్లీ వదిలేయడం. తెలివి పూర్తిగా ఉంది. మెడ వంచినా, పక్కకి తిప్పినా మొదలవుతోంది. వెన్నుపాము కోలుకునే దశలో, ముఖ్యంగా ఈ జబ్బులో వచ్చే టానిక్ స్పాజమ్స్ ఇవి. కార్బమజెపైన్ 100 మి.గ్రా. రెండు పూటలా మొదలుపెడితే రెండో రోజుకే చాలావరకు ఆగాయి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పొక్కులు వస్తే మాత్ర ఆపేసి వెంటనే రమ్మని చెప్పాం, రాలేదు.

ఆక్వాపోరిన్-4 పాజిటివ్ రిపోర్టు రెండో ప్లాస్మా నాడే వచ్చింది. మాగ్ నెగటివ్. ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టి చెప్పాల్సిన అసలు విషయం డిశ్చార్జ్ రోజున వచ్చింది. ఎమ్మెస్‌లో అంగవైకల్యం చాలామందిలో ఏళ్ల మీద మెల్లగా పెరుగుతుంది. ఇందులో అలా కాదు, ప్రతి దాడీ కొంత తీసుకుపోతుంది, మధ్యకాలంలో మనిషి ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి మరో దాడి రానివ్వకపోవడమే చికిత్స. అది కంటికి రావచ్చు, మళ్లీ వెన్నుపాముకి రావచ్చు.

ఏ మందు? ఎక్యులిజుమాబ్ ఈ జబ్బుకి 2019లో ఆమోదం పొందింది. దాని ట్రయల్‌లో మందు తీసుకున్న 96 మందిలో ముగ్గురికి, తీసుకోని 47 మందిలో 20 మందికి మళ్లీ దాడి వచ్చింది. ఖరీదు అమెరికాలో ఏడాదికి లక్షల డాలర్లలో. ఆ మాట ఆ కుటుంబం ముందు అనడంలో అర్థం లేదు, అనలేదు. రిటుక్సిమాబ్‌కి మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు (అసలు మందుని పోలిన మందులు) ఉన్నాయి. జపాన్‌లో 38 మందితో చేసిన చిన్న ట్రయల్‌లో రిటుక్సిమాబ్ తీసుకున్న 19 మందిలో ఒక్కరికీ దాడి రాలేదు, మిగతా 19 మందిలో ఏడుగురికి వచ్చింది. అజాథయోప్రిన్ ఇంకా చవక, కానీ పనిచేయడానికి నెలలు పడుతుంది, అందాకా స్టెరాయిడ్ మాత్రలు మింగాలి. వెన్నుపాము మీద మొదటి దాడే ఇంత పెద్దది కాబట్టి రిటుక్సిమాబ్ వైపే మొగ్గాను. హెపటైటిస్ బి లేదని చూసుకుని 1 గ్రాము, రెండు వారాల తరవాత ఇంకో గ్రాము.

ఆరు వారాలకు వాకర్‌తో నిలబడింది, నాలుగు నెలలకు కర్రతో నడిచింది. ఆరు నెలలకు రెండో విడత మందుకి రావాల్సిన రోజున భర్త ఒక్కడే వచ్చాడు. "నడుస్తోంది కదండీ, ఇప్పుడు మందెందుకు? అందరూ వేడి చేస్తుందంటున్నారు." ఈ ప్రశ్న ఈ జబ్బున్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది, వాళ్ల తప్పేమీ లేదు. జ్వరం తగ్గితే మాత్రలు ఆపేయడం మనమే నేర్పాం. ఎమ్మారై కంప్యూటర్‌లో తెరిచి పాత వాపు, కొత్త స్కాన్‌లో అదే చోట సన్నబడిన వెన్నుపాము పక్కపక్కన చూపించాను. వాపు పోయింది, దానితో పాటు కొంత వెన్నుపాము కూడా పోయింది, మిగిలినదాని మీదే ఆమె నడుస్తోంది అని చెప్పాను. మర్నాడు ఇద్దరూ వచ్చారు.

ఇప్పటికి రెండున్నర ఏళ్లు, కొత్త దాడి లేదు. కర్ర ఇంట్లో అక్కర్లేదు, బయటికి కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం కాళ్లు బరువెక్కుతాయి, చల్లబడితే సర్దుకుంటాయి. అది దాడి కాదని, ఒక రోజుకి మించి ఉంటేనే ఫోను చేయాలని ఆమెకి తెలుసు. ట్యూబు రోజుకి రెండుసార్లు. మిర్చి పనికి వెళ్లడం లేదు. మోటారు బిగించిన మిషన్ మీద జాకెట్లు కుడుతోంది.

ప్రస్తుతం తేలనిది ఒకటుంది. రిటుక్సిమాబ్ విడతలు పెరిగేకొద్దీ రక్తంలో ఐజీజీ (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు) తగ్గుతోంది. మొదట్లో 1100 ఉన్నది పోయినసారి 540. ఈ ఏడాది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రెండుసార్లు వచ్చింది, ఒకసారి చలిజ్వరంతో అడ్మిట్ చేయాల్సి వచ్చింది. న్యుమోనియా టీకా వేశాం. ఈసారి ఆరు నెలలకి గుడ్డిగా మందు ఎక్కించకుండా, నెలనెలా సీడీ19 కణాల (రిటుక్సిమాబ్ తుడిచిపెట్టే తెల్ల రక్తకణాలు) లెక్క చూసి, అవి తిరిగి పెరగడం మొదలైనప్పుడే ఇద్దామని నిర్ణయించాం. ఐజీజీ ఇంకా పడితే మైకోఫెనొలేట్‌కి మార్చాలి. పిల్లలు పుట్టే అవకాశమున్న వాళ్లలో ఆ మందు గర్భానికి ప్రమాదం, కానీ ఆమెకి ఆపరేషన్ అయిపోయింది కాబట్టి ఆ అడ్డు లేదు. ఈ నెల లెక్కలో సీడీ19 కణాలు ఇంకా కనిపించలేదు. వచ్చే నెల మొదటి వారంలో మళ్లీ రక్తం ఇస్తుంది.